మే నెలలో మీ చేను మీద ఏముంది?

ప్రకృతి వ్యవసాయం గురించి ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది జీవామృతం సంగతే, అంటే నేలకు పోసే పులియబెట్టిన ద్రావణం గురించే. పేడ ఎంత, బెల్లం ఎంత, ఎన్నాళ్లు పులియబెట్టాలి అని. చెబుతాను: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు, నీడలో రెండు రోజులు. రాసుకుని పెట్టేస్తారు. మా లాంటి మెట్టకు అది రెండో ప్రశ్న. నేను వాళ్లను అడగాలనుకునే మొదటి ప్రశ్న వేరే ఉంది. మే నెలలో మీ చేను మీద ఏముంది?

మాది కదిరి వైపు ఒక ఊరు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. బోరు లేని ఏడెకరాల మెట్ట, ఎర్ర నేల, అడుగు లోతు తవ్వితే గరుసు తగులుతుంది. ఉమ్మడి అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మేఘం పడమటి కనుమలకు అవతలే చాలావరకు కురిసేసి వస్తుంది. ఈశాన్యం తూర్పు తీరం నుంచి మా దాకా వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. వాన తక్కువ, అందుకే కరువు అంటారు అందరూ. అది సగం మాటే. పడే కాస్త వాన కూడా కొన్ని రోజుల్లోనే దబదబా పడిపోతుంది. పడ్డాక అది ఎక్కడికి పోతుందన్నది మిగతా సగం.

మా చేలకు ఎవరు వచ్చినా నేను చూపించేది ఒకటుంది. జూన్‌లో గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే, దున్ని వదిలేసిన చేలో కూర్చుని పై మట్టిని గోటితో లేపితే పలచని పెళ్ల ఊడి వస్తుంది. పైన తడి, దాని కింద రెండు వేళ్ల లోతులో పొడి దుమ్ము. చినుకు నేరుగా మట్టిని కొట్టినప్పుడు సన్న రేణువులు చెదిరి సందులన్నీ మూసేస్తాయి. ఎర్ర నేలల్లో ఇది మరీ తొందరగా జరుగుతుంది. ఒకసారి పెళ్ల కట్టాక మిగతా వాన ఇంకదు, వాలు పట్టుకుని వంకలోకి పోతుంది, పోతూ పై మట్టిని కూడా ఈడ్చుకుపోతుంది. గట్టుకు ఇవతల అలసంద పాకిన చేలో అదే వానకు చెయ్యి పెట్టి పిడికెడు మట్టి తీస్తే ఉండ కడుతుంది. చినుకు ఆకు మీద పడి, మెల్లగా నేలకు జారి, వేళ్లు చేసిన దారిలో లోపలికి దిగుతుంది. రెండు చేల మీదా కురిసింది ఒకటే వాన. అందుకే మెట్ట సేద్యంలో మొదటి పని నేలను ఎండకూ చినుక్కూ బట్టబయలుగా వదలకపోవడం అని నేను గట్టిగా నమ్ముతాను.

మా దగ్గర నేల ఇంతగా బయలు పడటానికి శనక్కాయ ఒక పెద్ద కారణం. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా అదే పంట. దాన్ని నేను తిట్టను. మా ఇంట్లో చదువులూ పెళ్లిళ్లూ శనక్కాయతోనే జరిగాయి, ఇప్పుడు కూడా వేస్తున్నాం. కానీ ఆ పంట తీసే పద్ధతి చూడండి. చెట్టును వేరుతో సహా పీకుతాం. కాయ మార్కెట్‌కు పోతుంది, కట్టె పశువులకు పోతుంది. చేలో ఆకు కూడా మిగలదు. నవంబర్ నుంచి మళ్లీ జూన్ దాకా ఎండ, గాలి. ఏటా అదే పంట, ఏటా అన్ని నెలలు ఖాళీ.

2000వ సంవత్సరం ఖరీఫ్‌లో దీని ఫలితం జిల్లా మొత్తం చూసింది. కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి సుమారు 2.25 లక్షల హెక్టార్లలో శనక్కాయ దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ ఎలా వస్తుందో తెలిసినప్పుడు నాకు మొత్తం సేద్యం మీదే ఆలోచన మారింది. అది మొదట ఉండేది వయ్యారిభామ మొక్కలో. దాని పుప్పొడి గాలికి ఎగిరి శనక్కాయ ఆకు మీద పడుతుంది. తామర పురుగు అక్కడ గీకి తింటున్నప్పుడు పుప్పొడిలోని వైరస్ ఆకులోకి దిగుతుంది. మరి వయ్యారిభామ ఎక్కడ మొలుస్తుంది? బీడు పడ్డ గట్ల మీద, దారి పక్కన, తొలి వానకు ఖాళీగా కనిపించిన ప్రతి చోటా. మనం ఖాళీగా వదిలిన జాగాను అది తీసుకుంటుంది. తర్వాత శాస్త్రవేత్తలు చెప్పిన మార్గాల్లో ఒకటి, చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ నాలుగు సాళ్లు ఒత్తుగా వెయ్యడం. అవి తొందరగా ఎదిగి, గాలితో వచ్చే పుప్పొడికీ పురుగుకీ అడ్డం నిలబడతాయి. ఈ మాట మా అత్తకు చెబితే, "మా నాయన కాలంలో జొన్న లేని చేను ఉండేదా?" అంది. వాళ్ల నాయనకు వైరస్ సంగతి తెలియదు. తిండికి జొన్న కావాలి, ఎద్దులకు చొప్ప కావాలి, అందుకని వేసేవాడు. రెండూ కొనుక్కోవడం మొదలయ్యాక ఆ సాళ్లు పోయాయి.

ఇప్పుడు మేం మే నెలలో ఏం చేస్తామో చెబుతాను. దీన్ని వానకు ముందే పొడి దుక్కిలో విత్తడం అంటారు. 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో మా జిల్లాకు పనికొచ్చినవాటిలో నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది. ఏడాదిలో 365 రోజులూ నేల మీద పచ్చదనం ఉండాలన్నది వాళ్లు చెప్పే సూత్రం. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చినప్పుడు, పంచుకున్న మిగతా ఇద్దరిలో మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్ ఉన్నారు, ఇంకొకటి ఈజిప్టు ఎడారిలో సేద్యం చేసే సెకెమ్ సంస్థ. మట్టి గురించి మాట్లాడే వాళ్ల పక్కన మన మెట్ట రైతుల పేరు వినపడటం నాకు చాలా సంతోషం అనిపించింది.

ఏప్రిల్ నెలాఖరున భరణి కార్తె వచ్చేసరికి విత్తనాలు సిద్ధం చేసుకుంటాం. సజ్జ, కొర్ర, అలసంద, పెసర, అనుము, ఉలవ, గోగు, నువ్వు, ఆముదం, కొన్ని కంది గింజలు. పప్పు జాతి, గడ్డి జాతి, నూనె గింజ, ఆకుకూర, అన్నీ ఉండేట్టు చూసుకుంటాం. విత్తనాన్ని ఊరికే చల్లితే చీమలూ పిట్టలూ మిగల్చవు, పైగా చిన్న జల్లుకే మొలిచి తర్వాత ఎండిపోతుంది. కాబట్టి గుళికలు కట్టాలి. ఈ పని మా అత్త చేతిలో చూడాలి. వెడల్పాటి చాటలో గింజలు పోసి, బీజామృతం (విత్తనశుద్ధికి చేసుకునే ద్రావణం) చిలకరించి, చాటను గుండ్రంగా తిప్పుతుంది. గింజ తడవగానే జల్లించిన చెరువు మట్టి ఒక పిడికెడు, మళ్లీ తిప్పడం. తర్వాత ఘనజీవామృతం, అంటే జీవామృతం లాంటిదే ఎండబెట్టి చేసిన పొడి, మళ్లీ చిలకరింపు, చివరికి బూడిద. తడి ఎక్కువైతే గింజలు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి, తక్కువైతే మట్టి రాలిపోతుంది. ఆమె చూపుతో కాదు, చాటలో గింజ దొర్లే చప్పుడుతో కనిపెడుతుంది. చప్పుడు గరగరలాడటం మానితే చాలు అంటుంది. పెద్ద గింజలు, చిన్న గింజలు వేరువేరుగా చేస్తుంది, నువ్వును మాత్రం చివరికి ఉంచుతుంది. నీడలో ఆరబెట్టిన ఈ గుళికలు పొడి దుక్కిలో వారాల తరబడి చెడకుండా ఉంటాయి. మట్టి పొర తడిసి మెత్తబడేంత వాన పడితేనే గింజకు నీళ్లు అందుతాయి.

పైన ఆచ్ఛాదన, అంటే గడ్డీ ఆకులూ, కప్పాలి అంటారు. కప్పితే మంచిదే, అయితే మెట్టలో గడ్డి దొరకడం ఎంత కష్టమో చెప్పక తప్పదు. ఎండాకాలంలో పశువు తినేది ఏదైనా పశువుకే పోవాలి. నేల మీద పరచడానికి ఎవరికీ మనసొప్పదు, నాకూ ఒప్పదు. పశువు ముట్టనివి వెతుక్కుంటాం: కంది మోళ్లు, ఆముదం తొక్కలు, గానుగాకు, వేపాకు, శనక్కాయ పొట్టు. ఏడెకరాలకూ ఎప్పుడూ సరిపోవు. వాలు ఎక్కువున్న చోట, పెళ్ల ఎక్కువ కట్టే చోట ముందు కప్పుతాం. మిగతాది మొక్క తనే కప్పుకోవాలి. అలసంద ఆ పని బాగా చేస్తుంది.

భరణి కురిస్తే ధరణి పండుతుంది అంటారు. అన్నిసార్లూ కురవదు. మే నెలలో ఏదో ఒక జల్లు వస్తే మొలక లేస్తుంది, రాకపోతే గింజ మట్టిలో ఆగుతుంది. రెండు రకాలుగానూ జరిగింది మాకు. మొలిచిన ఏడాది జూన్ నెలాఖరుకు మోకాలెత్తు పచ్చిక. కొంత మేతకు కోసి, మిగతాది నేలలో కలిపేసి అసలు పంట వేస్తాం. మా అసలు పంట ఏడు సాళ్ల శనక్కాయకు ఒక సాలు కంది, చుట్టూ సజ్జ, గట్టు వెంట ఆముదం.

కంది సాలు గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. శనక్కాయకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే సమయంలో బెట్ట వస్తే పంట పోయినట్టే. కంది అప్పటికి ఇంకా చిన్నది, అది తల్లివేరును లోతుకు పంపి ఆగుతుంది, సెప్టెంబర్, అక్టోబర్ వానకు కోలుకుంటుంది. ఇది ప్రతి రైతుకూ తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. ఎర్ర నేలల్లో భాస్వరం ఉన్నా చాలావరకు ఇనుముతో ముడిపడి ఉంటుంది, చాలా పంటల వేళ్లు దాన్ని తీసుకోలేవు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదిలి ఆ ముడిని విప్పుతుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు 1990లో ప్రచురించారు. కంది తర్వాత వేసిన పంట బాగుంటుందని మా ముసలివాళ్లు అనేదానికి కొంత కారణం అక్కడుంది. ఇంత పని చేసే మొక్క ఎకరానికి కొన్ని సాళ్లయినా లేకుండా పోయిన చేలు చూస్తే నాకు బాధ వేస్తుంది.

ఇక అసలు చిక్కు. ఊరంతా ఎర్రగా ఎండిపోయిన మే నెలలో ఒక్క చేను పచ్చగా ఉంటే ఏమవుతుంది? మేకలు వస్తాయి.

మా వైపు పంట ఎత్తేశాక చేలు అందరివీ అన్నట్టే. కంది కోత అయిందంటే ఎవరి మంద ఎవరి చేలో మేసినా అడగరు. భూమి లేని కుటుంబాలు గొర్రెలూ మేకలూ పెట్టుకుని బతికేది ఈ కట్టుబాటు మీదే. మా చేలో మొదటిసారి మొలకలు లేచినప్పుడు మంద దిగి మేసేసింది. మందలాయన వరసకు నాకు మామ అవుతాడు. అడగడానికి పోతే ఆయనే ముందు అన్నాడు, "ఊరంతా ఎండబెట్టుకుని నువ్వొక్కదానివి పచ్చగా పెట్టి, నా మేకల్ని దొంగల్ని చేస్తే ఎట్లా పాపా?" ఆ మాటలో న్యాయం ఉంది. కంచె వేసే డబ్బు మాకు లేదు. ఉన్నా కంచె వేస్తే ఆయన మంద ఎక్కడికి పోతుంది? పైగా ఆ మంద మాకు కావాలి. కంది తర్వాత చేలో నాలుగు రాత్రులు మంద కట్టించుకుంటే పడే పెంటికలు, మూత్రం ఏ బస్తాతోనూ రావు.

అందుకే మాట్లాడుకున్నాం. మేం ఒక్కళ్లం కాదు, వంకకు తూర్పు పక్క చేలున్న ఇళ్ల వాళ్లందరం, మందలున్న వాళ్లందరం. ఏప్రిల్ నెలాఖరు నుంచి అసలు పంట విత్తే దాకా తూర్పు పక్క మంద దిగకూడదు, పడమటి పక్కా కొండ పోరంబోకూ వాళ్లకు. పచ్చిక కోసినప్పుడు ఎకరానికి కొన్ని మోపులు మందల వాళ్లకు ఇవ్వాలి. మంద కట్టించుకున్నప్పుడు డబ్బు కాకుండా గింజలు అడిగితే గింజలే ఇవ్వాలి. మామ ఇంకో షరతు పెట్టాడు: విత్తనాల్లో జొన్న వద్దు. బెట్టకు వచ్చిన లేత జొన్న మేస్తే నాము తగిలి పశువు చచ్చిపోతుంది, కంట్లో పడకుండా నాలుగు మేకలు దూరితే ఎవరిది బాధ్యత అన్నాడు. లేత జొన్నలో సైనైడ్ విషం పుట్టేది నిజం, సజ్జలో ఆ భయం లేదు. అందుకే మా పొడి విత్తనాల్లో జొన్న ఉండదు. ఏ కరపత్రంలోనూ లేని ఈ మార్పు ఆయన చెప్పిందే.

పక్క ఏడు ఒక మంద దిగింది, గొడవ కూడా అయింది, మళ్లీ కూర్చున్నాం. ఒప్పందం అంటే ఒకసారి చేసుకుని వదిలేసేది కాదు, ఏటా ఉగాది తర్వాత మళ్లీ మాట్లాడుకోవాలి. ప్రకృతి వ్యవసాయం శిక్షణల్లో నేను వినాలనుకునేది ఇదే. కషాయాల కోసం ఒక పూట తీసుకుంటే మేత కట్టుబాటు కోసం ఒక పూటైనా పెట్టాలి, ఆ పూట రైతులతో పాటు మందల వాళ్లనూ కూర్చోబెట్టాలి.

ఎర్ర గొంగళి పురుగు కథ కూడా ఇలాంటిదే. తొలి గట్టి వానకు నేలలోంచి రెక్కల పురుగులు లేస్తాయి. ఆ రాత్రులు ఊరి చేలన్నిటి దగ్గరా మంటలు వేస్తే వెలుగుకు వచ్చి పడతాయి. ఒక్కరు వేస్తే పక్క చేల పురుగును కూడా మన చేలోకి పిలిచినట్టే. తర్వాత గొంగళ్లు చేను నుంచి చేనుకు దండుగా నడుస్తాయి, అప్పుడు గట్టు పొడుగునా కాలవ తీసి జిల్లేడు కొమ్మలు వేసి పట్టుకోవాలి. అదీ ఇరుగుపొరుగు కలిసి చేస్తేనే.

ఈ కలిసి చెయ్యడం ఎంత దూరం పోతుందో తెలంగాణలోని జహీరాబాద్ వైపు చూశాను. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు. బీడు భూములు కలిసి కౌలుకు తీసుకుని సాగులోకి తెచ్చారు, ఊళ్లోనే గింజలు నిల్వ పెట్టుకుని కరువులో పంచుకున్నారు, 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023లో కన్నుమూసిన పి.వి. సతీష్ గారు ఆ సంస్థను ముందుండి నడిపినవారిలో ఒకరు. నాకు మాత్రం అక్కడ కళ్లకు కట్టినట్టు మిగిలింది ఒక ఇంట్లో విత్తనాల బుట్టలు. పేడతో అలికిన బుట్ట, లోపల బూడిద కలిపిన గింజ, మధ్యలో వేపాకు, పైన మళ్లీ అలికి మూసేసిన మూత. ఒకరు విత్తనం తీసుకుంటే పంట వచ్చాక రెండింతలు తిరిగి ఇస్తారు. గింజకు డబ్బు మాట రాదు. ఊరికి వచ్చి మా అత్తకు చెబితే, అటక మీది నుంచి ఒక పాత అలికిన బుట్ట దింపింది. ఇప్పుడు అందులో అనుములు ఉన్నాయి.

చేసే కష్టం గురించి కూడా చెప్పాలి, లేకపోతే చదివేవాళ్లు తప్పుగా అనుకుంటారు. కలిపి వేసిన పంటలు ఒక్కసారి కోతకు రావు. పెసర ముందు, కొర్ర తర్వాత, శనక్కాయ, చివరికి కంది, ఆముదం గెలలు విడతలు విడతలుగా. ప్రతి విడతా నడుం వంచేది ఆడవాళ్లే. ఎరువుల ఖర్చు తగ్గిందని లెక్కలు వేసేటప్పుడు ఈ కూలి కూడా లెక్కలో రాయాలి. కొర్రను ఇంటి దగ్గర దంచుకుని తినే ఓపిక ఎవరికీ లేదు, చిన్న మరపట్టే మిషన్ దగ్గరలో ఉంటేనే కొర్ర వేస్తారు. పది పంటలు ఒక్కో బస్తా చొప్పున తెస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. ఊరివాళ్లం కలిపి అమ్మితేనే రేటు వస్తుంది. ఇవన్నీ పరిష్కారం అయ్యాకే మొదలుపెట్టాలని నేను అనను. మేం అవి లేకుండానే మొదలుపెట్టాం.

నాకు ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నది కౌలు. మా తూర్పు పక్క చేలల్లో రెండు చేలు కౌలువి. సేద్యం చేసే ఆమె ఏటా మాట మీద తీసుకుంటుంది. పొడి విత్తనం వెయ్యాలంటే ఏప్రిల్‌లో చేను చేతిలో ఉండాలి, కౌలు మాట తేలేది జూన్‌లో. చెరువు మట్టి తోలించి, గట్టు వేసి, వాలుకు అడ్డంగా కందకం తీస్తే ఫలితం రెండో ఏడు, మూడో ఏడు కనపడుతుంది. అప్పటికి ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. రాష్ట్రంలో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు గడువు 11 నెలలు, దానికి కూడా భూమి యజమాని సంతకం కావాలి. 11 నెలల గడువుతో ఎవరు మట్టిని బాగు చేస్తారు?

ఈసారి ఆ రెండు చేల యజమానుల్లో ఒకరు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మేం నలుగురం పోయి అడిగాం, మూడేళ్లకు ఒకేసారి ఇవ్వండి, కౌలు గింజల్లో కాకుండా డబ్బులోనే ముందే కడుతుంది, గట్లు కూడా వేస్తుంది అని. ఆయన సరే అన్నాడు, కాగితం మీద మాత్రం వద్దన్నాడు. రెండో ఆయన ఇంకా ఫోన్ ఎత్తలేదు. భరణి కార్తె లోపు ఆయనతో మాట్లాడాలి, ఎందుకంటే ఆమె కౌలుకు చేసే ఆయన చేను మా అన్నిటికీ ఎగువన ఉంది, అక్కడ నీళ్లు ఆగకపోతే కిందికి వచ్చేది మా గట్ల మీదికే.